ఆన్‌లైన్లో లేని పర్మిట్

మాది కొలిమిగుండ్ల. ఒక్కటే లారీ, పన్నెండు టైర్లది, ఫైనాన్స్ మీద తీసుకున్నది. మా చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి నాపరాయి బండలు చెన్నైకి తోలేవాళ్లం. 2021 నవంబరులో ఆ లారీని తమిళనాడులో ఆపేశారు. నేషనల్ పర్మిట్ లేదన్నారు. ఒకటో రెండో బండ్లు పెట్టుకుని బతికేవాళ్లు మా మండలంలోనే చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పర్మిట్ ఐదేళ్లకు ఇస్తారు. అది ఉన్నంత మాత్రాన బండి రాష్ట్రం దాటకూడదు. దాని మీద ఏటా ఆథరైజేషన్ తీసుకోవాలి. కాంపోజిట్ ఫీజు 16,500 రూపాయలు, ఆథరైజేషన్ ఫీజు 1,000. 2010 మే నెలకు ముందు ఏ రాష్ట్రానికి పోవాలంటే ఆ రాష్ట్రం పేరున బ్యాంకులో డీడీ తీసేవాళ్లు. ఇప్పుడు ఒక్కచోట కడితే దేశమంతా తిరగొచ్చు. ఇదిగాక మూణ్నెల్లకోసారి క్వార్టర్ ట్యాక్స్ ఉంటుంది. ఏటా ఇన్సూరెన్స్ ఉంటుంది, మా బండికి 40 వేల పైమాటే. ఎనిమిదేళ్లు దాటని బండికి రెండేళ్లకోసారి, దాటితే ఏటా బ్రేకు (ఫిట్‌నెస్) చేయించాలి. పొల్యూషన్ కాగితం వేరే. ఒక్కోదానికి ఒక్కో తేదీ.

ఇవన్నీ ఏజెంటు చూసేవాడు. మా ఊళ్లో అందరికీ అట్లాగే జరిగేది. డబ్బులిస్తే కాగితం తెచ్చిచ్చేవాడు. డ్రైవరు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్యాబిన్లో దాచుకునేవాడు.

కరోనా వచ్చాక కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు అయిపోయిన పర్మిట్లు, ఫిట్‌నెస్‌లు, లైసెన్సులు చెల్లుతాయని చెప్పింది. ఆ గడువును పొడిగిస్తూ పొడిగిస్తూ 2021 అక్టోబరు 31 దాకా తెచ్చింది. మా ఆథరైజేషన్ గడువు ఆ మధ్యకాలంలోనే అయిపోయింది. నేను ఏజెంటుకు పూర్తి డబ్బులిచ్చాను. అతను కాగితం తెచ్చిచ్చాడు. అందులో కొత్త తేదీ ఉంది. ఫీజు మాత్రం కట్టలేదు. దారిలో ఎవరూ ఆపడం లేదు కదా అనుకున్నాడేమో. నవంబరు 1 నుంచి ఆ వెసులుబాటు పోయింది.

నవంబరు 9, మంగళవారం. తెల్లవారుజామున డ్రైవరు ఫోన్ చేశాడు. "అన్నా, బండి నిలేసినారు. మన కాగితం దొంగదంటున్నారు." పుత్తూరు దాటి తమిళనాడులోకి పోయిన కాసేపటికే ఆపారట. ఆఫీసరు బండి నంబరు ఫోన్లో కొట్టి చూశాడు. ఆథరైజేషన్ ఎప్పుడో అయిపోయినట్టు చూపించింది. మా కవర్లోని కాగితంలో వేరే తేదీ ఉంది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి డ్రైవరుకు చూపించాడట. బండిని యార్డుకు పంపారు.

నేను ఏజెంటుకు ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు. "బండి లేటయింది" అని మాత్రం అన్నాను. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

సాయంత్రం డ్రైవరు మళ్లీ చేశాడు. "నన్ను జైల్లో ఏస్తారా అన్నా?" అని అడిగాడు. పర్మిట్ లేకుండా బండి నడిపితే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చట్టంలో ఉంది. అది నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. కాగితం నేనిచ్చిందే, అయినా అధికారుల ముందు నిలబడింది అతను. ఏమీ కాదులే అన్నాను. నిజానికి ఏమవుతుందో నాకు తెలియదు.

బుధవారం నంద్యాల పోయాను. లారీ ఓనర్ల సంఘంలో చాలా ఏళ్లు పనిచేసిన మా మామ వరసాయన తోడొచ్చాడు. బస్సులో బనగానపల్లె దాటేదాకా ఆయన ఏమీ అడగలేదు. నేనే మొత్తం చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. పక్క సీటువాళ్లు చూస్తున్నారని సిగ్గేసింది. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చున్నాడు.

ఆర్టీవో ఆఫీసులో ఒక ఉద్యోగిని మా బండి వివరాలన్నీ తెరిచి చూపించింది. ట్యాక్స్ కట్టి ఉంది. ఇన్సూరెన్స్ ఉంది. బ్రేకు ఉంది. ఆథరైజేషన్ లేదు. తర్వాత ఆమె అడిగింది, "ఈ ఫోన్ నంబరు మీదేనా?" కాదు, ఏజెంటుది. ఓటీపీలు, మెసేజీలు అన్నీ ఇన్నాళ్లూ అతనికే పోయాయి. నా బండి రికార్డులో నేను లేను. ఆధార్, ఆర్‌సీ చూసి ఆమె ఆ రోజే నంబరు మార్పించింది. లైను పెద్దగా ఉంది, అయినా నన్ను మళ్లీ రమ్మనలేదు. ఆ సాయం మరచిపోను.

తిరిగి వచ్చేటప్పుడు మామ ఒక సంగతి చెప్పాడు. పర్మిట్ లేని బండి ఎవరినైనా గుద్దితే, బీమా కంపెనీ బాధితులకు ఇచ్చిన సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని 2018 మేలో సుప్రీంకోర్టు చెప్పిందట. కరోనా వెసులుబాటు పోయాక మా బండి రోడ్డు మీదే ఉంది. చెన్నైలో ఆ జనంలో, ఆ రాత్రుల్లో తిరిగింది. ఏదన్నా జరిగి ఉంటే? ఇల్లు, చేను రెండూ అమ్మినా చాలేది కాదు. ఆ రాత్రి నిద్రపోలేదు. మా ఇంటామెను లేపి అంతా చెప్పాను. ఆమె లేచి కూర్చుని, "ఎంత కావాల?" అని అడిగింది.

గురువారం ఆమె గొలుసు బ్యాంకులో పెట్టాం. ఆ రోజు చెన్నై చుట్టుపక్కల వాయుగుండం వాన. యార్డులో నీళ్లు నిలిచాయి. డ్రైవరు క్యాబిన్లోనే పడుకున్నాడు. గేటు ఎదురుగా టీ అంగడి పెట్టుకున్న ఒకామె నెల్లూరు వైపు నుంచి పోయి స్థిరపడిందట, తెలుగు మాట్లాడుతుంది. అతని ఫోను చార్జింగు పెట్టేది. వానలో ఇడ్లీలు గొడుగు కింద తెచ్చి ఇచ్చేది. డబ్బులు మీ ఓనరు వచ్చినప్పుడు చూద్దాంలే అన్నదట. ఆమె లేకుంటే నా డ్రైవరు ఆ వారం ఏం తినేవాడో.

శుక్రవారం మా పక్కింటి డిగ్రీ పిల్లోడు ఆన్‌లైన్లో ఫీజు కట్టిపెట్టాడు. ఓటీపీ నా ఫోనుకే వచ్చింది. ఆరంకెలు చదివి చెప్పడానికి కూడా నాకు నోరు తడబడింది. కాసేపటికి కొత్త గడువు కనిపించింది. వాడు సైటు నుంచి బయటికొచ్చి మళ్లీ వేరేగా బండి నంబరు కొట్టి చూపించాడు. అప్పుడు నమ్మాను.

అయినా బండి రాలేదు. జరిమానా, వాళ్ల రాష్ట్రం ట్యాక్స్ కట్టాలి. ఓనరే రావాలన్నారు. ఆ రాత్రే బయల్దేరాను. శని, ఆదివారాలు సెలవు. డ్రైవరుతో క్యాబిన్లోనే ఉన్నాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. ఆఖరికి సోమవారం సాయంత్రం రసీదు చేతికిచ్చి బండి వదిలారు. సరుకు ఆలస్యమైనా బండల ఫ్యాక్టరీ ఓనరు కిరాయిలో రూపాయి కోయలేదు. పైగా జరిమానాకు తక్కువపడిన డబ్బు అడ్వాన్సుగా పంపింది ఆయనే.

గురువారం రాత్రికి లారీ ఇల్లు చేరింది. మర్నాడు కార్తీక పౌర్ణమి. ఆ ఉదయమే రాజంపేట దగ్గర అన్నమయ్య డ్యామ్ తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. మా బండి ముందురోజు రాజంపేట మీదుగానే వచ్చింది.

ఏజెంటు మీద కేసు పెట్టలేదు. ఊరు వదిలి పోయాడు. వాళ్ల అన్న కొంత డబ్బు తెచ్చిచ్చాడు, తీసుకున్నాను. మిగతాది రాలేదు.

ఇప్పుడు అన్ని తేదీలూ గోడ క్యాలెండరు మీద నేనే రాసుకుంటాను. ఆథరైజేషన్ నెల ముందే కడతాను. కాగితం ఎవరిచ్చినా ఆన్‌లైన్లో బండి నంబరు కొట్టి తేదీ చూశాకే కవర్లో పెట్టనిస్తాను. మీ బండి రికార్డులో ఎవరి ఫోన్ నంబరుందో ఈ వారమే కనుక్కోండి. ఏజెంటుదైతే ఆధార్, ఆర్‌సీ తీసుకుని మీరే పోయి మార్పించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

తర్వాతి చెన్నై ట్రిప్పుకు నేను కూడా బండిలో పోయాను. టీ అంగడి ఆమె ఇడ్లీల లెక్క ఒక అట్టముక్క మీద రాసిపెట్టింది. మొత్తం కట్టేశాను. యార్డులో ఉన్నన్ని రోజులకూ డ్రైవరుకు బత్తా ఇచ్చాను. గొలుసు విడిపించడానికి మాత్రం మరుసటి వేసవి దాకా పట్టింది.