కొమ్ములేరుకోవడానికి వెళితే...

'షేన్' సినిమా చూశారా? 1953లో వచ్చిన కౌబాయ్ చిత్రం. మొదట్లోనే ఓ షాట్ ఉంటుంది. నీళ్లలో నిలబడ్డ జింక తలెత్తుతుంది. దాని కొమ్ముల మధ్య, దూరాన గుర్రం మీద వస్తూ హీరో అలన్ లాడ్! ఆ సినిమా తీసిన లోయ చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. అది అమెరికాలో, వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ హోల్. డెన్వర్‌లో ఉండే మా బావ పుణ్యమా అని ఆమధ్య మే నెలలో ఆ ముచ్చట తీరింది.

జాక్సన్ ఊళ్లో ఎటు చూసినా కొమ్ములే! నడిబొడ్డున పార్కు నాలుగు మూలలా నాలుగు తోరణాలు, అన్నీ ఎల్క్ కొమ్ములతో కట్టినవే. మొదటిది కట్టింది కూడా 1953లోనే.

"పాపం, ఎన్నింటిని చంపారో!" అని నొచ్చుకున్నాను.

"ఒక్కదాన్నీ చంపక్కర్లేదోయ్ బామ్మర్దీ! వాటంతటవే ఊడి పడతాయి" అని నవ్వాడు బావ.

ఎల్క్ అంటే మన కణితికి పెద్దన్న లాంటిది. మగవాటికి చలికాలం చివర కొమ్ములు రాలిపోయి, వేసవికల్లా కొత్తవి మొలుస్తాయి. మన దుప్పికీ అంతే. కృష్ణజింక కొమ్ము మాత్రం ఊడదు. (అన్నట్టు, నల్లమలలో దుప్పి కొమ్ము దొరికితే ముద్దొచ్చి ఇంటికి తెచ్చుకునేరు! 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు.) జాక్సన్ పక్కనే 1912లో ఏర్పడ్డ ఎల్క్ శరణాలయం ఉంది. అక్కడ రాలినవి బాయ్ స్కౌట్లు ఏరి, మే నెలలో వేలం వేస్తారు. డబ్బులో ఎక్కువ భాగం మళ్లీ ఎల్క్‌ల కోసమే. చుట్టుపక్కల ప్రభుత్వ అడవుల్లో మే 1 దాకా ఎవరూ ఏరకూడదు. చలికి చిక్కిపోయిన జంతువుల్ని మనుషులు పరుగులు పెట్టించకూడదని ఈ కట్టడి. పొరుగు రాష్ట్రాలవాళ్లయితే 2024 నుంచి ఇంకో వారం ఆగాలి, స్టాంపు కూడా కొనాలి. ఎల్లోస్టోన్ పార్కులో అయితే ఏ రోజైనా సరే, ముట్టుకుంటే నేరమే.

స్టాంపులు కొన్నాం. మాతో ఒక పెద్దాయన వచ్చాడు, బావ స్నేహితుడి మామగారు. బయల్దేరేముందు నా నడుముకు ఒక డబ్బా కట్టాడు. ఏమిటంటే ఎలుగుబంటి స్ప్రే. అందులో ఉన్నది మరేదో కాదండీ, మన మిరపకాయ ఘాటే! గుంటూరు జిల్లావాణ్ణి, మిరపకాయ నన్ను కాపాడటానికి అంత దూరం వచ్చిందని తెగ మురిసిపోయాను.

"సంచిలో పెట్టుకుంటే దండగ. చేతికందేలా ఉండాలి. ముప్ఫై అడుగుల్లోకి వస్తేనే కొట్టాలి" అన్నాడాయన.

ఆ అడవుల్లో ఉండేది గ్రిజ్లీ. 'ది రెవెనెంట్' (2015)లో డికాప్రియోను చీల్చి చెండాడిందే, ఆ జాతి. సినిమాలోది గ్రాఫిక్స్ ఎలుగు. ఇక్కడివి అసలువి. గంటకు ముప్ఫై అయిదు మైళ్లు పరుగెత్తగలవు, కాబట్టి పారిపోవడం అన్న మాటే లేదు. మీద పడితే సంచీ వీపునే ఉంచుకుని, బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని చచ్చినట్టు ఉండాలట. ఇది పెద్దాయన మాకు రోడ్డు పక్కనే పడుకుని చూపించాడు. బావ నవ్వాడు. నేను నవ్వలేదు.

ఎందుకంటే అంతకుముందే విన్నాను. 2022 మార్చిలో, ఎల్లోస్టోన్‌కు ఉత్తరాన, మోంటానా రాష్ట్రంలో స్నేహితుడితో కొమ్ములేరడానికి వెళ్లి, మధ్యలో విడిపోయిన ఒకాయన గ్రిజ్లీ చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ పనిలో చిక్కే అది. కళ్లు నేల మీద, మనసు కొమ్ము మీద! తలెత్తేవాడెవడు? ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు. పైగా ఎలుగులు నిద్రలేచి ఆకలితో తిరిగే రోజులూ ఇవే.

అందుకే ముగ్గురం ఒకరికొకరు కనిపించేలా, గట్టిగా మాట్లాడుకుంటూ నడిచాం. మంచు ముందుగా కరిగే దక్షిణపు వాలులోనే కొమ్ములుంటాయి. రెండు గంటలకు నాకొక చిన్నది దొరికింది. ఆ ఆనందం చూడాలి! ఇంతలో బావ "అదిగో!" అన్నాడు. వాగుకు అవతల, గడ్డిలో, ఆరు కొనల కొమ్ము. ఎండకు మెరుస్తోంది. మహా అయితే అరవై అడుగులు.

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. అవతలి పొదల మీద కాకులు లేస్తున్నాయి, వాలుతున్నాయి. మన ఊరకాకులు కావు, ఇంతింత లావు అడవి కాకులు. గాలి తిరిగింది. కుళ్లు వాసన.

"చలికి చచ్చిన ఎల్క్ ఉందక్కడ. దానికి కాపలాదారు కూడా ఉండొచ్చు" అన్నాడు.

"ఒక్క ఉరుకులో తెచ్చేస్తా" అన్నాడు బావ.

"నువ్వు తెస్తావు. అక్కయ్యకు నేనేం చెప్పాలి?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. బావ ఒక్క క్షణం ఆ కొమ్మువంక చూసి, ఏమనుకున్నాడో వెనక్కి తిరిగాడు.

పరుగెత్తకుండా, పైకే మాట్లాడుకుంటూ వచ్చిన దారినే తిరిగొచ్చాం. అరమైలు అవతల గట్టెక్కి బైనాక్యులర్స్‌లో చూశాను. పొదల పక్కన గోధుమరంగు దిబ్బ కదిలింది. భుజం మీద మూపురం. వెనకాలే రెండు పిల్లలు! బావకు అందించాను. చాలాసేపు చూశాడు. దిగేటప్పుడు అతని చెయ్యి నడుము మీది డబ్బాను వదల్లేదు.

ఆ డబ్బాను విమానంలో ఎక్కనివ్వరు. వాడకుండానే బావకిచ్చి వచ్చేశాను. చిన్న కొమ్ము కూడా డెన్వర్‌లోనే, అక్కయ్య హాల్లో టీవీ పక్కన ఉంది. ఎవరొచ్చి అడిగినా బావ దాని కథ చెప్పడట, వదిలేసి వచ్చిన రెండోదాని కథే చెబుతాడట.