ఖాళీ గడికి ఎన్ని అర్థాలు?

పేరు, తండ్రి లేదా భర్త పేరు, పిల్లలెందరు... రేషన్ కార్డు నుంచి పీహెచ్‌డీ దరఖాస్తు దాకా ఆడవాళ్ల బతుకుని ఈ గడుల్లోనే అడుగుతారు. నింపని గడి గురించి మాత్రం ఎవరూ అడగరు. కాగితం మీదైతే ఖాళీ కనీసం కళ్లకి కనిపిస్తుంది. కంప్యూటర్‌లోకి వెళ్లేసరికి ఆ ఖాళీకి అర్థమేమిటో ఎవరో ఒకరు నిర్ణయించాల్సి వస్తుంది.

పాతబస్తీలో, తలాబ్‌కట్ట, సుల్తాన్‌షాహీ ప్రాంతాల్లో, స్త్రీల జీవిత కథనాలు సేకరించే ఒక చిన్న బృందంతో పనిచేస్తున్నప్పుడు నాకిది తెలిసొచ్చింది. కథనంతో పాటు కొన్ని వివరాలు వెబ్ అప్లికేషన్‌లో ఎక్కించాలి. దాన్ని తయారుచేసి ఇచ్చినవాళ్లు 'భర్త పేరు' పక్కన ఎర్ర నక్షత్రం పెట్టారు. నింపకపోతే సేవ్ కాదు. మా కార్యకర్తలు చుక్కో గీతో కొట్టి ముందుకు పోయేవారు. డేటాబేస్ నిండా చుక్క అనే పేరుగల భర్తలు తయారయ్యారు.

నక్షత్రం తీసేయించాం. అప్పుడు ఇంకో చిక్కు. వెబ్ ఫారంలో ఖాళీగా వదిలిన గడి నుంచి సర్వర్‌కి మామూలుగా చేరేది ఒక్క అక్షరమూ లేని మాట. ఒరాకిల్ లాంటివి తప్ప చాలా డేటాబేసులు దాన్ని కూడా జవాబుగానే దాచుకుంటాయి. ఎంతమంది భర్త పేరు చెప్పారని లెక్కపెట్టమంటే అందరూ చెప్పారంటాయి. అందుకే సేవ్ చేసేముందు ఆ ఖాళీ మాటని 'నల్'గా, అంటే 'ఇక్కడ విలువ ఏదీ లేదు' అనే గుర్తుగా మార్చాలి.

నల్‌తోనూ జాగ్రత్తగా ఉండాలి. 'వితంతువులు కానివాళ్లని చూపించు' అంటే ఆ గడిలో నల్ ఉన్న స్త్రీలు జాబితాలోకి రారు. వితంతువుల జాబితాలోకీ రారు. ఎస్‌క్యూఎల్‌లో నల్‌ని దేనితో పోల్చినా వచ్చే జవాబు 'తెలియదు'. తేలని మనుషుల్ని అది నిశ్శబ్దంగా వదిలేస్తుంది. పిల్లల సంఖ్య దగ్గర మరో ప్రమాదం. పీహెచ్‌పీ భాషలో ఖాళీని పట్టుకునే 'ఎంప్టీ' పరీక్ష సున్నాని కూడా ఖాళీ కిందే జమకడుతుంది. నాకు పిల్లల్లేరని నోరు తెరిచి చెప్పిన స్త్రీ, అసలు ఆ ప్రశ్నే ఎదురుకాని స్త్రీ ఒకటైపోతారు.

ఇది ఒట్టి సాంకేతిక గొడవేనా? రిలేషనల్ డేటాబేస్‌కి ఆద్యుడైన ఎడ్గర్ కాడ్ 1990 నాటి తన పుస్తకంలో ఖాళీని రెండుగా విడదీశాడు. విలువ ఉండి మనకి అందకపోవడం ఒకటి, ఆ ప్రశ్నే వర్తించకపోవడం ఒకటి. పెళ్లికాని స్త్రీకి భర్త పేరు వర్తించదు. 'బచ్చోంకే అబ్బా' అంటుందే తప్ప పేరు పలకని ఆమె దగ్గర పేరుంది, మనకి అందలేదు. మరి పలకగలిగి కూడా, 'ఆ పేరు నా కథలో వద్దు' అన్న ఆమె? ఆమెది నిరాకరణ. ఆ రెండు గుర్తుల్లో దానికి చోటులేదు.

ఖాళీగా ఉండే హక్కు కోసం స్త్రీలు చాలా పోరాడాల్సి వచ్చింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు దరఖాస్తుకి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. 2018 డిసెంబరు నుంచి ఒంటరి తల్లి పిల్లలకి పాన్ దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాకుండా పోయింది. 2022 నవంబరులో మాత్రం, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వమని యూఏఈ ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పరవాలేదని తర్వాత సడలించింది. గల్ఫ్‌తో బతుకులు ముడిపడ్డ పాతబస్తీలో ఇది చిన్న విషయం కాదు. ఆ ఖాళీని పూడ్చడానికి మళ్లీ తండ్రే రావాల్సి వచ్చింది.

సాహిత్యం చదివినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' తొలి ముద్రణలో కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగం లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని అచ్చువేసింది. ముద్దుపళని చెప్పకపోవడం వల్ల వచ్చిన ఖాళీ కాదది, తీసేయడం వల్ల వచ్చింది. పక్కన ఏమీ రాసి లేకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు మేం ప్రతి ముఖ్యమైన గడికీ తోడుగా ఇంకో గడి పెట్టాం: అడగలేదు, వర్తించదు, ఆమెకి తెలియదు, చెప్పనంది. దీనిమీద మాలో మాకు వాదన జరిగింది. నిరాకరణని నమోదు చేయడం కూడా ఒకరకం నిఘా కాదా అని ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందుకే ఆ రెండో గడిని ఏ కార్యాలయానికీ, ఏ నిధులిచ్చేవాళ్లకీ ఇవ్వకూడదనుకున్నాం. ఏం రాశామో ఆమెకి చదివి వినిపిస్తాం. వద్దంటే చెరిపేస్తాం. చెప్పనన్న మాట కూడా ఆమె మాటే కాబట్టి, దాని మీద అధికారం ఆమెదే.