దెబ్బయు విద్యయు

కొన్ని దినముల క్రిందట మా కుమారునితో గూడి "విప్‌లాష్" అను అమెరికా చలనచిత్రమును చూచితిమి. డేమియన్ షజెల్ దర్శకత్వమున 2014లో వెలువడిన చిత్రమిది. న్యూయార్కు నందలి యొక కల్పిత సంగీత కళాశాలలో ఆండ్రూ అను యువకుడు డ్రమ్ములు నేర్చుచుండును. లయ తప్పెనని ఫ్లెచర్ అను గురువు వానిపై కుర్చీ విసరును. లయ ముందునకు పోయెనో వెనుకకు పోయెనో చెప్పుమనుచు చెంపలు వాయించును. శిష్యుడు చేతులు నెత్తురోడువరకు సాధన చేయును.

ఇట్టి క్రౌర్యమునకు ఫ్లెచర్ చూపు నిదర్శనము సాక్సొఫోను విద్వాంసుడు చార్లీ పార్కర్ కథ. పార్కర్ బాల్యమున తడబడగా జో జోన్స్ కంచు పళ్ళెమును వాని తలపైకి విసరెననియు, ఆ యవమానమే వానిని మహావిద్వాంసుని జేసెననియు వాని వాదము. కాని చరిత్ర వేరు. 1930వ దశకమున కాన్సాస్ నగరమున జోన్స్ దానిని పార్కర్ పాదములకడ పడవైచెను. అది ఇక చాలునను సంజ్ఞయే కాని శిక్ష కాదు. పిమ్మట పార్కర్ లెస్టర్ యంగ్ రికార్డులను మరల మరల వినుచు సాధన చేసెను. వానిని పెంచినది సంగీతముపై గల మక్కువయే గాని దెబ్బ కాదు.

చిత్రములో మమ్ము కలచినది మఱియొకటి కలదు. ఫ్లెచర్ పూర్వశిష్యు డొకడు మరణింపగా, అతడు కారు ప్రమాదమున పోయెనని గురువు కన్నీటితో చెప్పును. ఆ శిష్యుడు ఉరి వేసికొనెనని తరువాత తెలియును.

మేమును అట్టి యబద్ధ మొకటి యాడితిమి. మా కుమారునకు తొమ్మిదవ యేట మృదంగ సాధన మేమే చేయించుచుంటిమి. ఒకనాడు మిశ్రచాపు తప్పెనని బద్దతో వాని వ్రేళ్ళపై కొట్టితిమి. వాడు ఏడ్వలేదు, నెల తిరుగకముందే మృదంగమును గుడ్డలో చుట్టి మూలబెట్టెను. వానికి విద్య యబ్బలేదని బంధువులతో ఇన్నేండ్లు చెప్పుచు వచ్చితిమి.

చిత్రము ముగిసిన పిదప వాడు మెల్లగా, "కష్టమని మానలేదు, నాన్నగారూ! మీ అడుగుల చప్పుడు వినబడితే నా వేళ్ళు బిగుసుకుపోయేవి" అనెను. మేము వానిని క్షమింపుమని వేడితిమి. తండ్రి కొడుకును క్షమాపణ కోరుట మా యింట నదియే మొదలు.

బడులలో బాలలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంటిలోని గురువునకు మాత్రము మనస్సాక్షియే మొదటి అడ్డు కావలయును. దెబ్బలు తిని ప్రసిద్ధులైన వారిని మనము వ్రేళ్ళపై లెక్కింపుదుము. దెబ్బలకు వెఱచి విద్యను విడిచిన వారి లెక్క యెవ్వరు వ్రాసిరి? ఆ లెక్కలో మా యింటి పేరు ఒకటి కలదని నేడు మేము ఒప్పుకొనుచున్నాము.