ఖాలా తెచ్చిన గిటార్

మా ఇంట్లో ఎవరికీ సాల్‌గిరా లేదు. అబ్బా తబ్లీగ్ జమాత్‌లో తిరిగే మనిషి. పుట్టినరోజులు చేయడం బిద్అత్ అనేవారు. అసలు చేసుకుందామన్నా తారీఖు తెలిస్తే కదా! నా స్కూల్ రిజిస్టర్‌లో జూలై 1 అని ఉంది. మా ఉర్దూ మీడియం క్లాసులో సగం మందికి అదే తారీఖు. బడిలో చేర్చిన రోజు సార్ ఏది రాస్తే అదే మా పుట్టుక.

నానీకి మాత్రం గుర్తుంది. "షబేబరాత్ హల్వా డబ్బాలో ఇంకా అయిపోలేదు, నాలుగో దినం నువ్వు పుట్టినావు" అనేది. అంటే చాంద్ లెక్క. ఆ లెక్కన నా పుట్టినరోజు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగిపోతూ ఉంటుంది. కాగితం మీద ఒక వయసు, నానీ నోట్లో ఇంకో వయసు.

నా జిందగీలో పుట్టినరోజు తోఫా అని వచ్చింది ఒక్కటే. 1996 జనవరిలో, షబేబరాత్ అయిన నాలుగో దినం, కోయిట్ నుంచి మా ఖాలా తెచ్చింది. గిటార్.

కడపలో ఉన్నవాళ్లకు కోయిట్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం చెబుతున్నా. కువైట్‌ని మేం అట్లనే అంటాం. మా మొహల్లాలో ప్రతి రెండో ఇంటి నుంచి ఒకరు అక్కడ ఉండేవారు. మగవాళ్లు డ్రైవర్లు, ఆడవాళ్లు ఖద్దామాలు, అంటే అరబ్బుల ఇళ్లలో పనిమనుషులు. 1990లో ఇరాక్ ఫౌజు కువైట్ మీద పడ్డప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు, జంగ్ అయిపోగానే మళ్లీ పోయారు. ఖాలూ పోయాక చేతిలో పసిపిల్లతో మిగిలిన మా ఖాలా, ఆ పిల్లని మా అమ్మీ ఒళ్లో పెట్టి 1992లో పోయింది. నెలకు 30 దీనార్లు.

ఖాలాకు చదువు రాదు. ఇక్కడ నానీకీ రాదు. ఇంటికి ముంషీని నేనే. నానీ చెబుతూ ఏడుస్తుంది, నేను ఉర్దూలో రాస్తాను. అక్కడ ఖాలా పక్కింట్లో పనిచేసే హైదరాబాదీ ఆమె చదివి వినిపిస్తుంది. ఒక ఏడాదికి ఖాలా ఇల్లు మారింది. ఆ కొత్త ఇంట్లో వంటమనిషి రాజంపేట నుంచి వచ్చిన ఒక హిందూ అక్క. ఆమెకు వచ్చింది తెలుగు ఒక్కటే. సెలవు మీద వచ్చిన ఒకాయనతో ఖాలా కబురు పంపింది: "పిల్లోడిని ఇకమీద తెలుగులో రాయమను."

నాకు తెలుగంటే స్కూల్లో పాస్ మార్కుల భాష. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, రాసేది ఉర్దూ. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ల, ళ ఒకటే అనుకునేవాడిని. నానీ ఉర్దూలో చెబుతుంటే నేను మనసులో తర్జుమా చేసుకుని కాగితం మీద తెలుగు పెట్టడానికి రెండు గంటలు పట్టేది. జవాబులో ఖాలా మాటలన్నీ అయిపోయాక, కింద ఆ అక్క సొంతంగా రెండు ముక్కలు రాసేది: "బాబూ, 'కస్టం' కాదు, 'కష్టం'. 'వెల్లాను' కాదు, 'వెళ్లాను'." ప్రతి ఉత్తరానికీ అంతే. మూడు తప్పులకు మించి దిద్దేది కాదు. నేను బెంగపడతాననేమో.

తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఇవాళ పత్రికలో తెలుగు రాసి రోటీ తింటున్నాను. నా మొదటి ఉస్తాద్ ఎవరంటే, నేను ముఖం కూడా చూడని ఆ రాజంపేట అక్కే.

ఆ రోజుల్లోనే పక్కవాళ్లింట్లో వీసీఆర్ మీద 'యాదోం కీ బారాత్' చూశాను. 1973 నాటి సినిమా. అందులో ఒక పాట గాజు గ్లాసు టకటకతో మొదలై, వెంటనే గిటార్ అందుకుంటుంది. ఆ గిటార్ వాయించింది తర్వాత గజల్స్‌తో పేరు తెచ్చుకున్న భూపిందర్ సింగేనని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. తర్వాతి ఉత్తరంలో నానీ సలాములూ దువాలూ అయిపోయాక, ఎవరికీ చెప్పకుండా కింద ఒక లైను రాశాను: "ఖాలా, నాకు ఒక గిటార్ కావాలి." తెలుగు నానీకి అర్థం కాదు కదా అన్న ధైర్యం.

ఆ లైను చదివినప్పుడు ఖాలా, "గిటార్ అంటే ఏంది?" అని అడిగిందట. అక్క చెయ్యి పట్టుకుని ఆ ఇంటి కొడుకు గదిలోకి తీసుకుపోయి చూపించింది. ఖాలా రోజూ తడిగుడ్డతో తుడిచే వస్తువే. దానికో పేరుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఖాలా బొంబాయిలో దిగి, రైల్లో కడపకు వచ్చింది. నిడో పాలపొడి, టాంగ్ డబ్బాలు, అత్తరు సీసాలు, కూతురికి ఫ్రాకు. అన్నీ అయ్యాక కోయిట్ దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట విప్పింది. లేత చెక్క రంగు, ఆరు తీగలు, తల మీద 'యమహా' అని పేరు. "బండి కంపెనీ కదా ఇది?" అన్నాడు మామూ. అబ్బా చూసి లేచి బయటికి పోయారు. ఖాలా నా తల మీద చెయ్యి పెట్టి, "ఈ దినమే కదా వీడు పుట్టింది" అంది. అప్పటికి ఆ సంగతి నానీకి కూడా గుర్తులేదు.

రాత్రి ఇషా తర్వాత అబ్బా నోరు విప్పారు. "సాజ్ ఉన్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారు." సంగీతం సంగతిలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని మనందరికీ తెలుసు. ఆ బహస్ నేనిక్కడ పెట్టను. అయితే కడప రేడియోలో నాదస్వరం వస్తే, వాయించేది కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాబ్ అని తెలిస్తే, కుట్టుమిషన్ ఆపి వాల్యూమ్ పెంచేది కూడా మా అబ్బాయే. ఆ రాత్రి ఆ మాట అనే హిమ్మత్ నాకు లేదు. నానీ అంది: "నా బిడ్డ మూడున్నర ఏళ్లు అరబ్బుల బాసన్లు తోమి తెచ్చింది. హలాల్ కమాయి. దాన్ని నా కళ్ల ముందర వీధిలో పడేస్తావా?"

అబ్బా అత్తగారికి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. షరతులు పెట్టారు. అజాన్ వేళ వద్దు, నమాజ్ వేళ వద్దు, రంజాన్‌లో ముట్టుకోవద్దు, ముహర్రం పది దినాలు వద్దు, చప్పుడు గల్లీలోకి పోవద్దు. రంజాన్ ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులు నాకు ఒక్క రాగం కూడా రాకపోయినా తీగల్ని గీకుతూనే ఉన్నాను. చాంద్ కనబడిన సాయంత్రం నేనే అటక మీద పెట్టాను. ఈద్ నమాజ్ అయ్యాక షీర్‌ఖుర్మా తాగకముందే దించాను.

కడపలో గిటార్ నేర్పేవాళ్లు నాకు ఎవరూ తెలియదు. చర్చిలో ఆదివారం పాటలకు వాయించే ఒక కుర్రాడు దొరికాడు. ముందు తీగలు సరిచేయడం నేర్పాడు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, మళ్లీ ఇ. తర్వాత రెండు వేళ్లతో పట్టే ఇ మైనర్. వేళ్ల కొసలు పుండ్లు పడి, మానితే గట్టిపడ్డాయి. నాలుగైదు కార్డ్స్ దగ్గరే నా ఇల్మ్ ఆగిపోయింది. ఇవాళ్టికీ అంతే. నేను గొప్పగా వాయిస్తానని ఎవరూ అనుకోవద్దు.

నేను సాధన చేసేటప్పుడు ఖాలా వినలేదు. రెండు నెలల్లో సెలవు అయిపోయి మళ్లీ కోయిట్ పోయింది. ఇంకో పన్నెండేళ్లు అక్కడే ఉంది.

2001లో బుగ్గవంక పొంగింది. మా మొహల్లా వంక ఒడ్డునే. రాత్రికి రాత్రి నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. నేను నానీని ఎత్తుకుని మిద్దె ఎక్కాను, అమ్మీ పిల్లల్ని. చివర అబ్బా వచ్చారు. సంచిలో ఖురాన్ షరీఫ్, రేషన్ కార్డు. ఇంకో చేతిలో గిటార్. నేను చూస్తున్నానని తెలిసి, "చేతికి దొరికింది తెచ్చినా" అన్నారు. అటక మీద ఉన్నది చేతికి ఎట్లా దొరుకుతుంది? నేను అడగలేదు. తెల్లార్లూ వానలో తడిసి దాని వెనక పలక ఊడింది. తలుపులు చేసే వడ్రంగి దగ్గరికి అబ్బాయే తీసుకుపోయారు. ఫెవికాల్ పూసి, సైకిల్ ట్యూబ్‌తో చుట్టి నాలుగు దినాలు ఉంచారు. ఆ అతుకు ఇవాళ్టికీ కనబడుతుంది.

ఇంక అసలు సంగతి. 2009లో ఖాలా కూతురి నికా. నగల దుకాణంలో కూర్చుని ఖాలా, అమ్మీ లెక్కలు వేస్తున్నారు. గాజుల దగ్గర డబ్బు చాలలేదు. ఖాలా నవ్వుతూ అమ్మీతో అంది: "ఒక జత వచ్చేవి కదా ఆపా. గిటార్ అయినాయి." నేను వెనకే నిలబడి ఉన్నానని ఆమె చూడలేదు.

తర్వాత అమ్మీని అడిగి తెలుసుకున్నాను. ఖాలా సెలవు మీద బయలుదేరేటప్పుడు ఆ ఇంటావిడ తన చేతి బంగారు గాజులు రెండు తీసి, "ఇవి నీ బిడ్డకు" అందట. ఖాలా, "ఇవి వద్దు మామా, చిన్నబాబా గదిలో ఉన్నది ఇవ్వండి" అందట. అబ్బాయి చదువుకు లండన్ పోయాడు, దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. ఆవిడ, దీనికి పిచ్చి పట్టిందని నవ్వి ఇచ్చేసింది. గాజులు మళ్లీ చేతికి వేసుకుంది. పదమూడేళ్లుగా ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా రాసిన నా ఒక్క లైను, నా చెల్లెలి చేతి గాజులు తినేసింది.

వాయిదాల మీద ఒక జత కొని ఖాలా ముందర పెట్టాను. తీసుకుని కూతురికి వేసింది. నా వైపు తిరిగి, "వీటికీ దానికీ హిసాబ్ కట్టొద్దు. నువ్వు చెల్లెలికి పెట్టినావు, అంతే" అంది. నేను తల దించుకున్నాను. హిసాబ్ అయితే నా లోపల ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది.

నానీ లేదు, అబ్బా లేరు. 2025లో షబేబరాత్ అయిన నాలుగో దినం ఖాలా మా ఇంటికి వచ్చింది. రిజిస్టర్ లెక్కన నాకు 44, చాంద్ లెక్కన 46. నా బిడ్డ గిటార్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, "దాదీ, అబ్బాని వాయించమని చెప్పు" అంది. ఖాలా నా చేతికి ఇవ్వలేదు. దుపట్టా కొస తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. తల దగ్గర మొదలుపెట్టి, మరల సందుల్లో, మెడ వెనక, తీగల కింద వేలు దూర్చి. అతుకు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఒక్క తీగ కూడా మోగలేదు.

"ఎంత జాగ్రత్తగా తుడుస్తున్నావు ఖాలా!" అన్నాను.

"పిల్లోడు పడుకుని ఉండేవాడు. చప్పుడైతే తిట్టేవాడు" అంది.

ఆ ఇంట్లో మూడేళ్లు రోజూ తుడిచింది. దాని గొంతు ఎట్లా ఉంటుందో తన చేత్తో ఎన్నడూ విననేలేదు. "ఇప్పుడు ఎవరూ పడుకోలేదు, మోగించు" అన్నాను. సిగ్గుపడింది. చుట్టూ చూసింది. బొటనవేలితో లావు తీగని ఒక్కసారి మీటింది. అది మోగి మోగి సన్నగిల్లేదాకా చెవి ఒగ్గి వింది. "బస్" అని నాకు ఇచ్చేసింది.

మీ ఇళ్లలో కూడా కోయిట్ నుంచో, సౌదీ నుంచో, దుబాయ్ నుంచో వచ్చిన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. దుప్పటో, టేప్‌రికార్డరో, గోడ గడియారమో. తెచ్చినవాళ్లు హయాత్‌లో ఉంటే ఒకసారి పక్కన కూర్చుని అడగండి, దాని బదులు ఏం వదులుకుని వచ్చారని.