బావిలో ఇంజన్ పెట్టొద్దు
ఆయిల్ ఇంజన్ నల్లపొగ కక్కుతుంటే డీజిల్ పూర్తిగా కాలనట్టు. మన డబ్బే పొగైపోతోంది. ఎయిర్ క్లీనర్ శుభ్రం చేయండి, నాజిల్ చూపించండి.

డీజిల్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్. అవి కాలాలంటే ఆక్సిజన్ కావాలి. లీటరు డీజిల్ కిలో బరువు కూడా ఉండదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలి చాలకపోతే మసి, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. మసి కనబడుద్ది. కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసన రాదు, ప్రాణం తీసుద్ది.

నీళ్లు లోతుకు పోయాయని ఇంజన్‌ను బావిలోకి దించితే ఆ పొగంతా అక్కడే నిలుస్తుంది. లోపల మనిషి పడిపోతే మీరూ దిగకండి. దిగినవాళ్లూ పడిపోతారు. వెంటనే 101కి ఫోన్ చేయండి.

నీళ్లందకపోతే పోయేది ఒక్క పంటే కదా.