మిద్దెకు చౌడు ఎత్తడమే కాదు, దించడం కూడా తెలియాల

పోయిన వారం మా ఇంటి ఫోటో పెడితే చాలామంది అడిగినారు, ఇంకా మట్టి మిద్దెలోనే ఉండారా, స్లాబు ఏసుకోలేదా అని. మాకు రెండూ ఉండాయి. ముందర మా తాత కట్టిన మట్టి మిద్దె, ఎనక మావోడు బెంగళూరు సంపాదనతో ఏసిన స్లాబు గది. రెండింటి మీదికీ ఎక్కేది నేనే కాబట్టి తెలిసింది రాస్తాండ. ఓపికుంటే చదవండి.

మాది రాయదుర్గం దిక్కు, హగరికి దగ్గర. మన అనంతపురంలో వాన బాగా తక్కువ అని చిన్నప్పట్నుంచి వింటాండాం. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టూనే. బొమ్మనహాళ్, కణేకల్ దిక్కు హగరి ఇసుక గాలికి లేచి చేన్లల్లో దిబ్బలు పోసుకుంటుంది. గోవిందవాడ, దర్గాహొన్నూరు పోయి చూస్తే అచ్చం ఎడారి మాదిరే ఉంటుంది. వాన తక్కువ పడే సీమల్లో ఇంటికప్పు బల్లపరుపుగా ఉంటుంది. రాజస్థాన్‌లో అంతే, ఇరాన్ యజ్ద్ పట్నంలో కూడా అంతే, మట్టిలో గడ్డి పిసికి పైన మెత్తుతారు. వాలు పెంకుటిల్లు వాన ఎక్కువుండే సీమకు సరిపోతుంది, మనకు కాదు. బల్లపరుపు కప్పుతో ఒకటే చిక్కు. నీళ్లు వాటంతటవి జారిపోవు, మనం పంపించాల.

తెలియని పిల్లోళ్ల కోసం మిద్దె ఎట్ల కడతారో చెప్తా. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్న కట్టెలు, దాని మీద వెంపలి కంప దట్టంగా పరుస్తారు. ఆపైన తొక్కిన మట్టి, అందరికంటే పైన చౌడు. చుట్టూ పిట్టగోడ, నీళ్లు బయటికి పడనీకి దోని, వెలుతురుకు గవాచి.

ఈ చౌడు సంగతి విచిత్రం. చేనులో చౌడు తేలితే రైతు తల పట్టుకుంటాడు. నీళ్లు ఇంకవు, విత్తనం మొలవదు. అదే చౌడు మిద్దెకు ప్రాణం. కారణం ఒకటే. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమన్ను ఉబ్బి, విడిపోయి, సన్న సన్న రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది. ఇంక నీళ్లు కిందికి దిగవు. చేనులో చౌడు పోవాలంటే జిప్సం ఏస్తాం కదా, అది ఈ గుణాన్నే ఇరగ్గొడుతుంది. అందుకే జిప్సం ఏసిన చేను మట్టి మిద్దెకు పనికిరాదు. సున్నం కలిపినా అంతే. గట్టిగా ఉంటుందని కొందరు కలుపుతారు, చౌడు గుణం పోతుంది.

మంచి చౌడా కాదా చూడాలంటే గ్లాసుడు వాననీళ్లలో పిడికెడు ఏసి, కలిపి, పక్కన పెట్టండి. మాపటికి కూడా నీళ్లు పాల మాదిరి బురదగానే ఉంటే మంచి చౌడు. గంటకే తేరుకుంటే అది ఉత్త మన్ను.

ఇంక ఏడాది పనులు. నా లెక్క కార్తెలతోనే నడుస్తుంది.

రోహిణి కార్తెలో చౌడు ఎత్తాల. ఎండలకు నేల మీద తెల్లగా తేలుంటుంది కాబట్టి పైపైన రెండు అంగుళాలు గీకితే చాలు, లోతు తవ్వొద్దు. తెచ్చి, గడ్డలు పగలగొట్టి, జల్లెడ పట్టి, మిద్దె మీద సమంగా పరచాల. అంగుళం మందం దాటొద్దు. మృగశిరలో తొలి వాన పడిన మర్నాడు, తడి ఆరకముందే ఎక్కి కాలితో తొక్కి, దిమ్మిసతో మెల్లగా కొట్టాల. ఆ ఒక్కపూట తప్పితే మళ్లీ వాన దాకా ఆగాల్సిందే. దోని దిక్కుకు వాలు ఉందో లేదో చూడనీకి ఒక బిందె నీళ్లు పోసి, యాడ నిలబడతాయో చూసుకోవాల.

ఆషాఢం గాలికి మా దిక్కు మనిషి నిలబడలేడు. ఇసుక లేచొచ్చి మిద్దె మీద కూర్చుంటుంది. ఊరికే కదా అని వదిలేస్తే రెండు నష్టాలు. దోని పూడుకుపోతుంది. ఇంకోటి, ఇసుక చౌడులో కలిస్తే చౌడు బిగుసుకోదు, సందులు ఏర్పడతాయి. వారానికి ఒకసారి పరక తీసుకుని ఊడవాల, మెత్తగా, చౌడు లేవకుండా. మా ఇంట్లో ఈ పని నా భార్యది. ఆమె ఊడిస్తే దుమ్ము లేచదు, నేను ఊడిస్తే సగం చౌడు కూడా వచ్చేస్తుందని నన్ను ఎక్కనీదు.

ఉత్తర కార్తె నుంచి విశాఖ దాకా అసలు పరీక్ష. జడివానకు మిద్దె భయపడదు, వచ్చిన నీళ్లు దోనిలో పడి పోతాయి. భయమంతా ముసురుకే. తుపాను పట్టి మూడు దినాలు సన్నగా పడితే మట్టి పొరలు పొరలుగా నానుతుంది. అప్పుడు ఒక్క బొక్క చాలు. ఎలక తవ్విందో, వేప మొలక ఏరు పెట్టిందో. అందుకే వానలు తెరిపిచ్చినప్పుడల్లా ఎక్కి గడ్డి పీకాల. రావి మొలక కనిపిస్తే ఆ పొద్దే పీకాల, రేపటికి పెట్టొద్దు. పీకిన చోట తడి చౌడు కూరి, మడమతో అదమాల.

చలికాలంలో మిద్దె మీద పని తక్కువ, కింద పని ఎక్కువ. టార్చి పట్టుకుని ఒక్కో దూలం, ఒక్కో దంతె చూడాల. చెదలు మట్టి దారులు పెట్టినాయా, దూలం గోడలో దిగిన చోట మెత్తబడిందా, కొడవలి మొనతో పొడిచి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఏటా చౌడు ఎత్తుతారు గానీ దించే లెక్క ఎవరికీ ఉండదు. వానకు కొంత కొట్టుకపోతుంది, కొంత మిగులుతుంది. అరవై ఏండ్లల్లో ఆ మిగిలిందే కొండవుతుంది. పోయిన ఎండాకాలం మా మిద్దె గవాచి దగ్గర కొలిస్తే మట్టి 10 అంగుళాలుండాది. తాత ఏసింది 6 అంగుళాలని మాయమ్మ చెప్తుంది. మిద్దె 12 అడుగులు, 20 అడుగులు. లెక్క కట్టండి: 240 చదరపు అడుగుల మీద 10 అంగుళాలంటే 200 ఘనపుటడుగుల మట్టి. ఘనపుటడుగు 45 కిలోలు అనుకున్నా 9 టన్నులు. ఇది ఎండు మట్టి లెక్క. నానితే ఇంకా పెరుగుతుంది. ఆ బరువు కింద మా యమ్మ మంచముంది.

2021 నవంబరు వానలకు మా ఊర్లో రెండు మిద్దెలు కూలినాయి. ఒక ఇంట్లో ముసలాయన ఆ రాత్రి బయట అరుగు మీద పడుకున్నాడు కాబట్టి ఈపొద్దు మన మధ్య ఉన్నాడు. ఆ మిద్దెలు కారి కూలలేదు, బరువుకు కూలినాయి. మట్టి నానింది, చెదలు తిన్న దూలం మోయలేకపోయింది.

మావోడు మిద్దె పడగొట్టి స్లాబు ఏద్దామన్నాడు. మాయమ్మ ఒప్పుకోలేదు. "ఎండాకాలం నీ స్లాబులో రాత్రి తొమ్మిదికి పడుకుని చూపించురా" అనింది. ఆమె మాటలో నిజముంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, రాత్రికి లోపలికి వదుల్తుంది. మందం మట్టికి ఆ ఎండ లోపలికి చేరేసరికి తెల్లారుతుంది. మావోడి మాటలో కూడా నిజముంది. నాకు 56 ఏండ్లు, నిచ్చెన ఎక్కితే మోకాళ్లు పట్టుకుంటాయి. నా తర్వాత ఎక్కేదెవరు? దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే మాయమ్మ ఉన్నన్ని దినాలు ఆ కప్పు నిలబడాల, ఆమె మీద పడకూడదు. అందుకని మధ్య దారి తీసినాం. నలుగురు కూలోళ్లను పెట్టి పైనుంచి 4 అంగుళాల మట్టి దించినాం. దగ్గర దగ్గర మూడున్నర టన్నులు. పుచ్చిన దూలం కింద ఇనుప దూలం ఎక్కించినాం. ఆపైన అంగుళం కొత్త చౌడు. దించేటప్పుడు ఒక పక్కనే దించుకుంటా పోవద్దు, రెండు పక్కలా సమంగా దించాల, లేకుంటే దూలాలు ఒరుగుతాయి.

స్లాబు ఉన్నోళ్లకు పని లేదనుకోవద్దండి. 30 అడుగుల స్లాబు పొద్దున్నుంచి మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే ఉత్త సిమెంటుతో పూడ్చిన పగులు మళ్లీ నోరు తెరుస్తుంది. పగులును కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము కడిగి, సాగే గుణమున్న మందు నింపాల. ఫిబ్రవరి ఆఖరుకు సున్నం కొట్టాల. సున్నపురాయి ముందు దినమే డ్రమ్ములో నానబెట్టండి, అది కుతకుతా ఉడుకుతుంది, కండ్లకు చిందకుండా దూరంగా ఉండాల. మర్నాడు వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి, మాపటి పూట స్లాబు తడిపి రెండు పూతలు ఏయండి. తెల్ల కప్పు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక పాలసీనే తెచ్చింది, దానికీ మూలం ఈ సంగతే. వానలకు సున్నం పోతుంది, ఏటా కొట్టాల్సిందే.

మట్టి మిద్దెలో ఉన్నోళ్లు ఈ గుర్తులు మాత్రం మనసులో పెట్టుకోండి. నిన్నటిదాకా బాగున్న తలుపు బిగుసుకుంటే, పైనుంచి మన్ను రాలడం పెరిగితే, దూలం కింది గోడలో కొత్త పగులు కనిపిస్తే, దూలం నడుమ కిందికి వంగితే, ముసురు పట్టిన రాత్రి ఆ ఇంట్లో పడుకోవద్దు. బడిలోనో గుళ్లోనో పడుకోండి, సిగ్గు పడేది ఏమీ లేదు. మిద్దె పడితే మళ్లీ కట్టుకోవచ్చు.

ఈ ఎండాకాలం మీ మిద్దె గవాచి దగ్గర ఒకసారి మట్టి మందం కొలవండి. 8 అంగుళాలు దాటుంటే చౌడు ఎత్తేముందు దించే ఆలోచన చేయండి. మీ ఊర్లో చౌడు యాడ దొరుకుతుందో, మిద్దె పని తెలిసిన పెద్దలు ఎవరన్నా మిగిలుండారో రాయండి. ఆ పని వాళ్ల దగ్గర ఇప్పుడే నేర్చుకోవాల.