కొంగరకలాన్‌లో 'ర' ఎక్కడుంది?

2025 నవంబర్ 24

ఈ వారం ఫస్టియర్ పిల్లలకు స్ట్రింగుల ల్యాబు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సి ల్యాబు జాబితాలో ఏళ్లుగా ఉన్న ప్రోగ్రామే: ఒక స్ట్రింగులో ఫలానా క్యారెక్టర్ ఏ స్థానంలో ఉందో చెప్పాలి, లేకపోతే మైనస్ 1 చూపాలి. లేనప్పుడు సున్నా చూపితే సరిపోదా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. సి లెక్క మొదలయ్యేదే సున్నా నుంచి కాబట్టి సున్నా అంటే మొదటి అక్షరమే. 'లేదు' అనడానికి ఏ స్థానమూ కాని అంకె కావాలి.

ఉదాహరణకు కొంగర కలాన్ అనే ఊరి పేరునే ఇంగ్లిష్ అక్షరాల్లో బోర్డు మీద రాశాను. 'ఎ' మొదట 4లో దొరుకుతుంది, చివరిది 11లో. మొదటిదాన్ని స్ట్ర్‌చర్ అనే ఫంక్షన్ ఇస్తుంది, చివరిదాన్ని స్ట్ర్‌ఆర్‌చర్. రెండూ ఇచ్చేది స్థానం కాదు, చిరునామా. అందులోంచి స్ట్రింగు మొదలయ్యే చిరునామా తీసేస్తే స్థానం వస్తుంది. ఈ తీసివేత ఒంటబట్టిన పిల్లలకు పాయింటర్ల భయం సగం పోతుంది.

చిన్న 'కె' వెతికితే దొరకదు. పెద్ద 'కె' 75, చిన్న 'కె' 107. యంత్రానికి వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు.

నవంబర్ 25

"మేడం, నేను అక్షరం కొట్టకముందే మైనస్ వన్ అంటుంది!"

ఆ అమ్మాయి స్క్రీన్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఊరి పేరు రెండు మాటలుగా, మధ్యలో ఖాళీతో కొట్టింది. స్కాన్ఎఫ్‌కు పర్సెంట్ ఎస్ ఇస్తే అది ఖాళీ దగ్గరే ఆగిపోతుంది. 'కొంగర' వరకే స్ట్రింగులోకి వెళ్లింది. ఆ ఖాళీ, 'కలాన్' బఫర్‌లో ఉండిపోయాయి. తర్వాతి స్కాన్ఎఫ్ పర్సెంట్ సీతో ఒక క్యారెక్టర్ అడిగింది. ఖాళీ కూడా క్యారెక్టరే కదా, దాన్నే అందుకుంది. 'కొంగర'లో ఖాళీ లేదు కనుక మైనస్ 1. యంత్రం చెప్పింది అక్షరాలా నిజం, ఆ అమ్మాయి అడగాలనుకున్న ప్రశ్నకు మాత్రం కాదు.

పర్సెంట్ సీకి ముందు ఖాళీ పెడితే చాలని పక్క బెంచీ సలహా. అలా పెడితే ఈసారి 'కలాన్'లోని 'కె'ను పట్టుకుని, దొరికింది, సున్నాలో ఉంది అంటుంది. అది ఇంకా ప్రమాదం. మైనస్ 1 చూస్తే అనుమానమైనా వస్తుంది, సున్నాకు మార్కులు పడిపోతాయి. ఎఫ్‌గెట్స్‌తో వరుస మొత్తం చదివి, చివరి న్యూలైన్ తీసేయడమే దారి. గెట్స్ వాడమని చెప్పే పాత గైడ్లు ఇంకా చేతులు మారుతున్నాయి. దాన్ని 2011 ప్రమాణంలోనే సి నుంచి తీసేశారు.

నవంబర్ 27

కలెక్టరేట్ కొంగరకలాన్‌కు వచ్చింది 2022 ఆగస్టులో. ఇవాళ అక్కడ ఒక జిరాక్స్ షాపులో ముసలాయన అర్జీ చెబుతుంటే కుర్రాడు తెలుగులో టైపు చేస్తున్నాడు. ఇంటిపేరు దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు, ఒక్క గుణింతం తేడా రాకుండా. అలాంటి ఫైళ్లలో పేర్లు వెతికే ప్రోగ్రాం రేపు మా పిల్లల్లో ఎవరైనా రాయాల్సిందే. తెలుగు అక్షరం మీద వాళ్లకు ల్యాబులో ఒక్క పాఠమూ లేదు.

నవంబర్ 30, ఆదివారం

ఇంట్లో కూర్చుని 'కొంగరకలాన్' అని తెలుగులోనే స్ట్రింగు రాశాను. కళ్లకు కనిపించేవి కొం, గ, ర, క, లా, న్. స్ట్ర్‌లెన్ చెప్పిన పొడవు 30.

యూనికోడ్‌లో ఈ పేరు పది సంకేతాలు: ఒత్వం ఒకటి, సున్నా ఒకటి, దీర్ఘం ఒకటి, పొల్లు ఒకటి, హల్లులు ఆరు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. పది మూళ్లు ముప్పై.

తర్వాత స్ట్ర్‌చర్‌తో 'ర' వెతికాను. జీసీసీ కంపైలర్ ఒక హెచ్చరిక పడేసి కంపైల్ చేసేసింది. క్లాంగ్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, ఆ పద్ధతే నాకు ఇష్టం. జవాబు 1 వచ్చింది. అంటే 'క' అనే అక్షరం కడుపులో! హెక్సాలో 'ర' బైట్లు ఈ0, బీ0, బీ0. స్ట్ర్‌చర్ చూసేది ఒకే బైటును, చివరి బీ0ను. 'క' బైట్లు ఈ0, బీ0, 95. బీ0 అక్కడే ఉంది. మన హల్లుల్లో, అచ్చుల్లో దాదాపు అన్నిటికీ రెండో బైటు బీ0యే. ఏ తెలుగు మాటలో 'ర' వెతికినా ఇలా మొదట్లోనే 'దొరికేస్తుంది'.

స్ట్ర్‌స్ట్ర్‌కు 'ర'ను స్ట్రింగుగా ఇస్తే 12 వచ్చింది. అది సరైనది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను అల్లిన తీరు అలాంటిది: అక్షరాన్ని మొదలుపెట్టే బైటు మరో అక్షరం మధ్యలో ఎప్పుడూ రాదు. అందుకే తెలుగు ఊసే లేకుండా పుట్టిన ఫంక్షన్ ఇవాళ తెలుగులో తప్పు లేకుండా వెతుకుతోంది. ఇంత అందమైన పనితనం పిల్లలకు చూపించకుండా ఎలా ఉంటాం?

డిసెంబర్ 2

'క' మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. స్ట్ర్‌స్ట్ర్ 0లో ఉందంటుంది. అక్కడున్నది 'కొం'. బడిలో చదువుకున్న ఎవరికైనా ఉత్త 'క' ఉన్నది 'ర' తర్వాత, 15లో. దొరికిన ప్రతిచోటా వెనకే గుణింతం గుర్తో, సున్నానో, పొల్లో ఉందేమో చూసి, ఉంటే ముందుకు జరగాలి. నాలుగు వరుసల అదనపు కోడ్. నా దృష్టిలో ఇది అదనం కాదు, తెలుగులో వెతకడమంటే ఇదే.

డిసెంబర్ 4

ఇవాళ ల్యాబులో పిల్లలు వాళ్ల వాళ్ల ఊళ్ల పేర్లు తెలుగులో కొట్టారు. ఒక్కో స్క్రీన్ మీద ఒక్కో లెక్క. బెల్ కొట్టినా లేవలేదు.

సి చెప్పే తోటి లెక్చరర్లకు ఒక మనవి. ఈ ప్రోగ్రాం రికార్డులో సంతకం పెట్టేముందు, పిల్లల చేత ఒక్కసారి వాళ్ల ఊరి పేరు తెలుగులో ఇచ్చి నడిపించండి. జాబితా మారేదాకా ఆగక్కర్లేదు.